గాసి మీద వేసిన మాట

సాయినాథ్ సార్ సైకిలు చెయిన్‌కి నూనె పెట్టిన ప్రతిసారీ నాకు ఒకటే ఆలోచన వచ్చేది. బ్రేకు వైరు కాస్త వదులు చేస్తే అనంతగిరి ఘాటు దిగేటప్పుడు ఏమవుతుందా అని. చెయ్యలేదు. మంచిదాన్నని కాదు. ఆయనకేమైనా అయితే నా పని చెడుతుంది. నాకు ఆయన నోరు కావాలి. మా ఊరి రాళ్ల దగ్గర, అందరి ముందు, మాట్లాడే స్థితిలో కావాలి.

ఆయనది విశాఖపట్నం. ఏడాదికి నాలుగైదు సార్లు పట్నం జనాన్ని సైకిళ్ల మీద అరకు తీసుకొచ్చి, నాలుగు రోజులు మా కొండల్లో తిప్పి దింపేస్తాడు. బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, చాపరాయి, మత్స్యగుండం, మధ్యలో కాఫీ తోటలు. ఆ గుంపులో ఆఖరి సైకిలు నాది. వెనకబడినవాళ్లని బుజ్జగించి తీసుకురావడం, పంక్చర్లు వెయ్యడం, తెగిన చెయిన్లు అతకడం నా పని. ఈ పని కోసమే ఏడాదిన్నర పట్నంలో ఒక సైకిలు షాపులో చేతులు నల్లబరుచుకున్నాను. సార్ దగ్గర చేరేటప్పుడు పేరు రత్న అని, మాది హుకుంపేట మండలం అని చెప్పాను. మండలంలో ఏ ఊరు అని ఆయన అడగలేదు. ఎవరి పిల్లవి అని అడగలేదు. అడుగుతాడేమోనని ఒక అబద్ధం తయారుచేసి పెట్టుకున్నాను, దాని అవసరమే పడలేదు.

మాది జాకరవలస. మా అయ్య పేరు గాసి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇంట్లో మేమిద్దరమే. రెండేళ్ల కిందటిదాకా సాయినాథ్ గుడారాలు మా ఊళ్లోనే పడేవి. అయ్య వాళ్లకి వంట చేసేవాడు, రాగి అంబలి కాచేవాడు, మోకాళ్లు పట్టేసినవాళ్లకి నువ్వుల నూనె రాసేవాడు. ఒక ఉదయం సాయినాథ్ కెమెరా కనబడలేదు. హ్యాండిల్‌కి తగిలించుకునేది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఆయన తన సామాన్లు సరిగ్గా వెతుక్కోలేదు. నేరుగా అయ్యని ఊరి మధ్య రాళ్ల దగ్గరికి పిలిచాడు. పెద్దలు కూర్చుని తగవులు తీర్చే రాళ్లు అవి. అక్కడ అయ్య చేత సంచి తిరగేయించాడు. ఉల్లిపాయలు, చుట్టలు, ఒక పాత దువ్వెన పడ్డాయి. తలపాగా విప్పి దులపమన్నాడు. చొక్కా విప్పమన్నాడు. ఏమీ దొరక్కపోయేసరికి, "ఎక్కడో దాచేశాడు. వీడు దొంగ. దొంగలున్న ఊరికి ఇంక మేం రాం" అని చెప్పి గుడారాలు పీకించి వెళ్లిపోయాడు.

అప్పుడు నేను పాడేరు హాస్టల్లో ఉన్నాను. కబురు విని వచ్చేసరికి అంతా అయిపోయింది.

మా దగ్గర ఒకరి మీద మాట వెయ్యడమంటే గాలికి పోయేది కాదు. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. ఊళ్లో ఇంటింటి గింజలూ ఒక బుట్టలో కలిపి పూజారి దేవత ముందు పెడతాడు. ఇంటి పెద్ద అందులో చెయ్యి పెట్టి పిడికెడు తీసుకుంటాడు. ఆ పిడికెడు కలిశాకే ఏ ఇంటి విత్తనమైనా నేలలో పడుతుంది. దొంగ అని మాట పడినవాడు బుట్టలో చెయ్యి పెట్టకూడదు. మాట వేసినవాడే వచ్చి, అదే రాళ్ల దగ్గర, తన నోటితో దించాలి. అందాకా ఆ మనిషి అవతల కూర్చోవాలి. అయ్య రెండు పండగలు అవతల కూర్చున్నాడు. సంతలో కొన్న గింజలు చల్లుకున్నాడు. కలుపు తియ్యడానికి ఊళ్లోంచి ఒక్క చెయ్యి సాయం రాలేదు. నలభై ఏళ్లుగా అందరి పొలాల్లోనూ వంగిన మనిషి, తన పొలంలో ఒక్కడే వంగాడు.

మాట పడిన మూడు నెలలకి నేను ఫోన్లో సాయినాథ్ వీడియో చూశాను. "పోయిన కెమెరా మళ్లీ కొన్నావా?" అని కింద ఎవరో అడిగారు. "లేదు బ్రో, పాతదే. టెంటు సంచిలో దొరికింది" అని ఈయన రాశాడు. పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. ఆ నవ్వు బొమ్మని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలియదు. దాన్ని పట్టుకుని పూజారి సోములు తాత దగ్గరికి పరిగెత్తాను. తాత ఫోను దూరంగా పట్టుకుని చూసి, "ఇది నోరు కాదు గదే గుంటా. ఆడే రావాల" అన్నాడు.

సరే, ఆడే వస్తాడు అనుకున్నాను. ఆ రోజే పట్నం బస్సెక్కాను.

ఈ చైత్రంలో టూరు మూడో రోజు, మా ఊళ్లో గింజల బుట్ట లేచే రోజూ ఒకటే అయ్యాయి. తేదీలు నేనే సూచించాను. ఏప్రిల్‌లో కాఫీ పూస్తుంది సార్, కొండంతా తెల్లగా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి అన్నాను. ఫోటోల మాట వింటే ఆయన ఇంకేమీ వినడు.

పొద్దున్నే అరకులో బయల్దేరాం, పన్నెండు మంది సైకిలిస్టులు, ఆయన, నేను. చాపరాయి దగ్గర బండల మీద జారే నీళ్లలో కాళ్లు పెట్టి అందరూ ఫోటోలు దిగారు. అక్కణ్ణుంచి రోడ్డు ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎర్ర దుక్కులు, మెట్ల పొలాలు, కాయలతో వంగిన పనస చెట్లు. మత్స్యగుండం దగ్గర పన్నెండింటికి భోజనమని లెక్క. గుండంలో చేపల్ని ఎవరూ పట్టరు, దేవుడి చేపలు, చేతిలోంచి మరమరాలు తింటాయి అని సాయినాథ్ మైకు పట్టుకున్నట్టు చెప్పుకుంటూ ముందు పోతున్నాడు. మా కొండల గురించి ఆయన మాకే చెప్పగలడు.

మొదటి ఊరు రాగానే దుంగ అడ్డం వచ్చింది. ఇటుకల పండగ రోజుల్లో పెద్దవాళ్లు తప్ప మా మగాళ్లు వేటకి పోతారు, రోడ్డు ఆడవాళ్లదవుతుంది. దుంగ అడ్డం పెట్టి, చేతులు పట్టుకుని ఆడి పాడి, వచ్చే పోయే బండినల్లా ఆపి పండగ ఖర్చులకి అడుగుతారు. నవ్వుతూ ఏదో ఒకటి ఇస్తే దుంగ లేస్తుంది. మొదటి దుంగ దగ్గర మా సైకిలిస్టులు ముచ్చటపడి వాళ్లతో కలిసి ఆడారు. రెండో దుంగ దగ్గర నవ్వారు. నాలుగో దుంగకి సాయినాథ్ మొహం మాడిపోయింది.

"ఇలా ఎన్ని ఉన్నాయి రత్నా?"

"హుకుంపేట దాకా ఊరికొకటి సార్."

"వేరే దారి లేదా?"

ఈ ప్రశ్న కోసం నేను రెండేళ్లు ఆగాను. "ఉంది సార్. తెల్లదొరల కాలంలో గుర్రాల కోసం వేసిన బాట. కొండెక్కి దిగడమే. మైలురాళ్లు కూడా ఉన్నాయి, చూడ్డానికి బావుంటుంది."

"ఎంత దూరం?"

"ఇక్కడే సార్."

మా కొండల్లో ఎవరిని దారి అడిగినా ఇక్కడే అంటారు. మాకు నడక అలవాటు, అన్నీ ఇక్కడే ఉంటాయి. పట్నం వాళ్లు ఆ మాట నమ్మి ప్రతిసారీ మోసపోతారు, ప్రతిసారీ మళ్లీ నమ్ముతారు.

ఆ ఎక్కుడు రెండు గంటలు పట్టింది. రాళ్ల బాట, ఎండ, గేర్లన్నీ అయిపోయి ఇంక తొయ్యడమే. కాఫీ పూలు మాత్రం నేను చెప్పినట్టే పూశాయి, సిల్వర్ ఓక్ చెట్ల కింద తోటంతా తెల్లగా, మల్లెపూల వాసన. ఒక మలుపులో మైలురాయి వచ్చింది, అంకెలు అరిగిపోయి సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. అందరూ దాని పక్కన కూలబడి ఫోటోలు దిగారు. సాయినాథ్ దిగలేదు. ఆయన సీసాలో నీళ్లు అయిపోయాయి. వెనక నేను ఆయన మెడ మీద చెమట చూసుకుంటూ హాయిగా సైకిలు తోశాను.

నా పక్కన భాను గారు సైకిలు తోసుకుంటూ నడుస్తున్నారు. ఆవిడ బ్యాంకులో ఆఫీసరు, నలభై ఏళ్లుంటాయి, మంచి మనిషి. "నేను రెండేళ్ల కింద కూడా వచ్చాను రత్నా," అన్నారు రొప్పుతూ. "అప్పుడొక వంటాయన ఉండేవాడు. ఆయన అంబలి ఇప్పుడుంటే ఎంత బావుండేది! పాపం, కెమెరా దొంగిలించాడు. మనిషిని చూస్తే అలా అనిపించలేదు."

ఏదైనా అంటే అక్కడే అరిచేసేదాన్ని. ముందు చక్రానికి అడ్డొచ్చిన రాయిని కాలితో తన్నితే అది లోయలోకి దొర్లిపోయింది.

కొండ కొమ్ము దాటాక దిగుడు. అందరూ బ్రేకులు పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, కేకలు వేస్తూ దిగారు. ఆఖరి మలుపు తిరగ్గానే దుంగ. దుంగ వెనక మా ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు, ముందు పైడితల్లి అత్త. ఆయన్ని తెస్తున్నానని ముందురోజే ఆమెకి ఫోన్ చేసి చెప్పాను. పాట లేదు, ఆట లేదు. అందరూ ఊరికే నిలబడి ఉన్నారు.

సాయినాథ్ పర్సు తీశాడు. అప్పుడు ఆయన కళ్లు ఆడవాళ్ల వెనకున్న రాళ్ల మీద పడ్డాయి. "ఇది మనం ఇంతకుముందు వచ్చిన ఊరు కదూ?"

"అవును సార్. ఈసారి వెనక నుంచి వచ్చాం."

పైడితల్లి అత్త పర్సు వైపు చూడనైనా చూడలేదు. "డబ్బులొద్దు బాబూ. ఏసిన మాట దించీసి ఎల్లు."

"ఏ మాట?"

"గాసి మీద ఏసిన మాట."

"గాసి ఎవరు?"

నటన కాదు. ఆయనకి నిజంగా గుర్తు లేదు. నాలుగేళ్లు ఆయనకి అన్నం వండిన మనిషి, ఆయన మోకాళ్లకి నూనె రాసిన మనిషి, ఆయన ఒక్క మాటతో ఊరవతలికి పోయిన మనిషి. పేరు కూడా తెలియదు. బ్రేకు వైరు ఆలోచన మళ్లీ వచ్చింది.

"మా అయ్య," అన్నాను.

ఆయన నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. "రత్నా, ఏంటిది? నువ్వు నా స్టాఫువి!"

"మీ కెమెరా తీశాడని చొక్కా విప్పించారు కదా సార్. ఆయన."

"ఓ, అదా!" ఆయన భుజాలు దిగాయి. ఎంత తేలిక పడ్డాడో చూడాలి. "అది ఎప్పుడో దొరికింది కదా. టెంటు సంచిలోనే ఉంది."

"దొరికిందా?" భాను గారి గొంతు వెనక నుంచి వచ్చింది. "నాకెవరూ చెప్పలేదే? రెండేళ్ల నుంచి నేను అందరికీ ఆయన దొంగ అని చెప్తున్నాను."

"చిన్న విషయం భాను గారూ, చెప్పడానికేముంది?"

"వాళ్లకైనా చెప్పారా?"

సాయినాథ్ వెనక్కి చూశాడు, రెండు గంటల కొండ. ముందు దుంగ. ఆడవాళ్లు బిందెలు తెచ్చి పన్నెండు మంది సీసాల్లోనూ నీళ్లు పోశారు. ఆయన కూడా సీసా చాపాడు. నేను అందుకుని, మూత బిగించి, ఖాళీగానే తిరిగి ఇచ్చాను.

రాళ్ల మీద సోములు తాత కూర్చుని ఉన్నాడు, పక్కన గింజల బుట్ట. కాస్త అవతల, చింతచెట్టు మొదట్లో మా అయ్య. వెదురు చీలుస్తూ తల ఎత్తలేదు.

"బేగి సెప్పీ బాబూ, గింజలకి ఏళవుతాది," అన్నాడు తాత.

"సారీ అండీ, ఏదో మిస్ అండర్‌స్టాండింగ్," అన్నాడు సాయినాథ్.

"ఆ మాట మాకు రాదు. నువ్వప్పుడు తెలుగులోనే అన్నావు."

చుట్టూ ఫోన్లు లేచాయి, ఆయన తీసుకొచ్చిన జనం ఫోన్లే. ఆయన గొంతు సవరించుకున్నాడు. "గాసి కెమెరా తియ్యలేదు."

"మరి నువ్వేటన్నావు?"

"దొంగ అన్నాను."

"అదేటి?"

"అబద్ధం."

తాత మూడుసార్లు చెప్పించాడు, ఊరి మూడు వీధుల వైపూ తిప్పి. అక్కడితో ఆచారం అయిపోయింది. నాకు మాత్రం అవలేదు.

"సంచి తిరగెయ్యండి సార్," అన్నాను.

"రత్నా!"

"మా అయ్య తిరగేశాడు. తిరగెయ్యండి."

భాను గారు ఏమైనా అంటారేమోనని ఆయన అటు చూశాడు. ఆవిడ కొండ వైపు చూస్తున్నారు. సంచి తిరగబడింది. మొహానికి రాసుకునే క్రీములు రెండు, చాక్లెట్లు, చార్జరు, ఒక డ్రాయరు. పైడితల్లి అత్త ఒక్కొక్కటీ కర్రతో ఎత్తి చూపించి, ఇదేటి, ఇదేటి అని అడిగింది, ఆయన జవాబు చెప్పాడు. హెల్మెట్ తీసి దులిపాడు. జెర్సీ విప్పాడు. చేతులు మోచేతి దాకా నల్లగా, పైన తెల్లగా, పొట్ట ముందుకొచ్చి ఉంది. ఆడవాళ్లు పకపకా నవ్వారు. వేటనుంచి ఉత్తి చేతులతో వచ్చే మగాళ్ల కోసం పేడనీళ్ల బిందె ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అత్త దాని మీద చెయ్యి వేసి నా వైపు చూసింది. నేను తల ఊపాను.

పేడనీళ్లు ఆయన నెత్తి మీంచి సాక్సుల దాకా కారాయి. దాచను, నాకు చాలా సంతోషమేసింది. పది పాసైనప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. ఇంకో బిందె ఉంటే బావుండు అనుకున్నాను.

దుంగ లేచింది. ఆయన జెర్సీ చంకలో పెట్టుకుని సైకిలెక్కుతూ, "రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు. "రావడానికి చేరలేదు సార్," అన్నాను. భాను గారు మా అయ్య దగ్గరికి వెళ్లి చేతులు జోడించారు. అయ్య తల ఊపాడు, అంతే. సైకిళ్లన్నీ మట్టి రోడ్డు మీద దిగిపోయాయి.

సోములు తాత బుట్ట ఎత్తాడు. "రారా గాసీ. ముందు నీ సెయ్యే."

రెండేళ్లు నేను కలలు కన్నది ఈ ఒక్క క్షణం కోసం. అయ్య వెదురు పక్కన పెట్టి లేచాడు, నిదానంగా నడిచి వచ్చాడు. బుట్టలోకి చూశాడు, సామలు, రాగులు, కందులు, చిక్కుళ్లు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

"ఆడు పట్నపోడు," అన్నాడు. "నన్నెరగడు. పేరు కూడా ఎరగడు, ఇన్నారు గదా. మీరెరుగుదురు. మీ దుక్కుల్లో ఉన్నాను, మీ పెళ్లిల్లో ఉన్నాను, మీ సావుల్లో పాడె మోసినాను. ఆడొక్క మాటంటే మీరు రెండేళ్లు నన్ను అవతల కూకోబెట్టినారు."

"ఆచారం గదరా," అన్నాడు తాత.

"ఆచారం బుట్టలో సెయ్యెట్టొద్దంది. నా కలుపుకి రావొద్దందా? నాతో మాటాడొద్దందా?"

తాత బుట్ట కింద పెట్టాడు.

అయ్య ఇంట్లోకి వెళ్లి మా ఖాళీ బుట్ట తెచ్చుకుని అవతల, తను రెండేళ్లు కూర్చున్న చోటే కూర్చున్నాడు. "మీ బుట్టలో నా సెయ్యి ఎట్టను. మీరే రండి. ఒక్కో ఇల్లూ పిడికెడు తెచ్చి ఇందులో ఎయ్యండి. ఏసేటప్పుడు నాను దొంగనని నమ్మినారో లేదో సెప్పండి. అబద్ధం సెప్పకండి, గింజ మొలవదు."

ఆఖరికి సోములు తాతే ముందు వచ్చాడు, వంగలేక వంగి పిడికిలి విప్పాడు. "నమ్మినాను గాసీ." పైడితల్లి అత్త కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "నమ్మలేదు తమ్ముడా. గానీ నోరిప్పలేదు. మళ్లీ టూర్లు రావేమోనని బయపడ్డాను." ఆమె వెనక వరస కట్టారు. నమ్మినాను, నమ్మినాను, కొంచెం నమ్మినాను. నేను అయ్య పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఒక్కొక్క మొహాన్నీ గుచ్చి గుచ్చి చూశాను. సాయినాథ్ మీద పేడనీళ్లు పడినప్పటికంటే ఇది ఎక్కువ రుచిగా ఉంది. వీళ్లందరికీ కావాల్సిందే అనుకున్నాను. అయ్యకి నాకంటే పెద్ద కోపం ఉందని, అది ఇన్నాళ్లూ దాచుకున్నాడని నాకు గర్వంగా కూడా అనిపించింది.

అయ్య తల తిప్పకుండానే అన్నాడు. "నువ్వూ తే."

"నానూ తేవాలా? మనదొకటే ఇల్లు గదయ్యా."

"తే."

ఇంట్లోకి వెళ్లాను. మూలనున్న సామల కుండ మూత తీసి పిడికెడు తీసుకున్నాను. చెయ్యి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. కబురు విని హాస్టల్ నుంచి వచ్చిన మర్నాడు, అయ్య కొండ పొలానికి వెళ్లాక, నేను ఈ ఇల్లంతా వెతికాను. అటక మీద వెతికాను. చూరులో చేతులు పెట్టాను. ఈ కుండలోనే మోచేతి దాకా చెయ్యి దించి అడుగంతా కెలికాను. కెమెరా దొరికితే ఎక్కడ పారేస్తే ఎవరికీ తెలియదా అని కూడా ఆలోచించాను. దొరకలేదు. అప్పుడే నాకు సాయినాథ్ మీద అంత కసి పుట్టింది, అయ్యని దొంగ అన్నాడని విన్న రోజున కాదు.

వరస చివర నిలబడ్డాను. ముందున్నవాళ్లు ఒక్కొక్కళ్లే తగ్గారు. నా తర్వాత ఇంకో ఇద్దరు వచ్చి చేరారు.

"ఎతికినాను అయ్యా," అన్నాను. "నువ్వు కొండకెల్లినపుడు ఇల్లంతా ఎతికినాను."

"ఎరుగుదును," అన్నాడు అయ్య. "ఎప్పుడు సెప్తావో అని రెండేళ్లు సూసినాను."

పిడికిలి విప్పడానికి నాకు చేతకాలేదు. ఆయన బుట్ట కొంచెం ముందుకి జరిపాడు.

"ఎయ్యి. ఎనకాల మనుసులున్నారు."